సిగ్నల్ అందని సంఘం

2020 ఏప్రిల్ 12, ఈస్టర్ ఆదివారం. జగ్దల్‌పూర్ నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఓ బస్తర్ పల్లెలో, రేకుల ఇంట్లో ఆ దంపతులు పొద్దున్నే స్నానాలు ముగించి ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నారు. తూర్పుగోదావరి జిల్లా నుంచి సువార్త పనికని వచ్చి అక్కడే స్థిరపడినవాళ్లు. ఎదురుగా కుర్చీ మీద, గోధుమపిండి డబ్బాకు ఆనించిన సెల్‌ఫోన్. అందులో రాజమండ్రి దగ్గరున్న వాళ్ల సొంత సంఘం పాస్టరు ఖాళీ బెంచీల ముందు నిలబడి పునరుత్థానం గురించి చెబుతున్నారు. బొమ్మ మాటిమాటికీ బిగుసుకుపోతోంది. "ఏమండీ, కిటికీలో పెట్టి చూడండి" అన్నారామె. పెట్టారు. 'ప్రభువు' అన్న మాట దగ్గర ఆగిపోయిన పాస్టరు మూడు నిమిషాల తర్వాత 'ఆమేన్' దగ్గర తేలారు.

లాక్‌డౌన్ మొదలై అప్పటికి మూడో వారం. మార్చి 22 జనతా కర్ఫ్యూ కూడా ఆదివారమే. ఆ తర్వాత ఐదు రోజులకు పోప్ ఫ్రాన్సిస్ జనం లేని సెయింట్ పీటర్స్ కూడలిలో ఒంటరిగా ప్రార్థించారు. ప్రపంచమంతటా చర్చిలు జూమ్‌కు, యూట్యూబ్‌కు తరలాయి. హైదరాబాద్, విజయవాడల్లో పెద్ద సంఘాలకు ఇదేమంత కష్టం కాలేదు. కెమెరాలు ముందే ఉన్నాయి.

ఈ దంపతుల చిక్కు వేరు. ఫోను వాళ్లను ఎక్కడో గోదావరి ఒడ్డున ఉన్న సంఘంతో కలిపింది. ఐదు కిలోమీటర్ల అవతల ఉన్న సొంత సంఘంతో మాత్రం కలపలేకపోయింది. మామూలు ఆదివారమైతే ఎనిమిదింటికల్లా చుట్టుపక్కల పారాల నుంచి ముప్పై, నలభై మంది నడిచి వస్తారు. సొరకాయ బుర్రల్లో గంజి తెచ్చుకుంటారు. పాటలు హల్బీలో. వాక్యం హల్బీలో చెబితే ఒకాయన గోండిలోకి మారుస్తాడు. మధ్యాహ్నం అందరికీ ఒకే పొయ్యి మీద పప్పూ అన్నం. జ్వరం మాత్రలు, రేషన్ కార్డు గొడవలు, పెళ్లి మాటలు, అన్నీ ఆ వాకిట్లోనే. ఆ ఈస్టర్ నాడు ఆమె పొద్దున్న ఊడ్చిన చీపురు గీతలు సాయంత్రం దాకా చెరగలేదు.

ఆ వాకిలి వాళ్లకు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే బస్తర్ పల్లె తీరు తెలియాలి. అక్కడ పొలం, అడవి, వాన ఊరి దేవత ఏలుబడిలో ఉంటాయి. జాతరకు చందా ఇవ్వనివాడు మతం మార్చుకున్నవాడు మాత్రమే కాదు, ఊరి ఒప్పందాన్ని తెంచుకున్నవాడు. ఊరివాళ్ల కోపంలో ఆ బాధ ఉంది, దాన్ని కొట్టిపారేయడం తేలిక కాదు. కానీ ఆ కోపం ఇళ్ల మీద పడ్డప్పుడు సమర్థించడానికి ఏమీ మిగలదు. కరోనా నడుమే, 2020 సెప్టెంబర్‌లో కొండగావ్ జిల్లాలోని మూడు పల్లెల్లో క్రైస్తవ ఆదివాసుల ఇళ్లు ధ్వంసమయ్యాయి. చనిపోయినా తిప్పలు తప్పవు. 2025 జనవరిలో బస్తర్ జిల్లాకు చెందిన ఓ పాస్టరు మృతదేహం జగ్దల్‌పూర్ మార్చురీలో 20 రోజులు ఉండిపోయింది. సొంత ఊళ్లో పూడ్చడంపై సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల మధ్య ఏకాభిప్రాయం కుదరక, చివరికి 20 కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానానికి తరలించాల్సి వచ్చింది. పాడె మోయడానికి నలుగురు దొరికేది ఆ ఆదివారపు వాకిట్లోనే. దాన్ని ఏ తెర మీద చూపించగలరు?

జగ్దల్‌పూర్ పట్టణంలో సంగతి ఇలా ఉండదు. అక్కడి మెథడిస్టుల ఎర్ర చర్చి వందేళ్ల నాటి చరిత్ర ఉన్నది. దాని మూలపురుషుడు సి.బి. వార్డ్ మన ఇల్లెందులో కూడా పనిచేసినవాడే. పట్టణంలో గుడి గోడలు నిలబడే ఉంటాయి. పల్లెల్లో మనుషులు రాకపోతే చర్చి లేనట్టే.

నెట్ అందని బాధ ఒక్క క్రైస్తవులదే కాదు. ఆ ఏప్రిల్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం 'పఢయీ తుంహర్ దువార్' పేరిట ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టింది. బస్తర్‌కు వచ్చేసరికి లౌడ్‌స్పీకర్లు కట్టాల్సి వచ్చింది. దంపతులూ అలాంటి దారే వెతుక్కున్నారు. కీప్యాడ్ ఫోన్ ఉన్నవాళ్లు మిస్డ్ కాల్ ఇచ్చేవారు. ఆమె తిరిగి చేసి, ఒక్కొక్కరితో హల్బీలో ప్రార్థన చేసేవారు. పాటలు మెమరీ కార్డుల్లో చేతులు మారాయి.

ఆయన ఫోనుకు మరో పని పడింది. మిరప కోతలకు తెలంగాణ వెళ్లిన కూలీలు ఎక్కడివాళ్లు అక్కడే చిక్కుకున్నారు. ములుగు జిల్లా తోటల నుంచి కాలినడకన బయల్దేరిన బీజాపూర్ బాలిక, పన్నెండేళ్లది, ఏప్రిల్ 18న ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉండగానే దారిలో ప్రాణం విడిచింది. మర్నాడు ఆదివారం. ఆ రోజు కిటికీలో ఫోను పెట్టలేదు. ఆయన పొద్దుటి నుంచి చీకటి పడేదాకా తెలుగు రైతులకు ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. "అయ్యా, మా పిల్లల్ని నడిపించి పంపకండి, పూటకింత తిండి పెట్టి ఉంచండి" అని తెలుగులో బతిమాలడం, ఆ జవాబును ఇక్కడి తల్లులకు హల్బీలో చెప్పడం. ఆన్‌లైన్ ఆరాధన తప్పిందని ఆమె గుర్తుచేస్తే ఆయన ఏమీ అనలేదు.

జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవవచ్చని కేంద్రం అనుమతించింది. 14వ తేదీ ఆదివారం పది, పన్నెండు మంది వచ్చారు, దూరం దూరంగా కూర్చున్నారు. పోలీసుల భయంతో కొందరు, ఊరి భయంతో కొందరు రాలేదు. వచ్చినవాళ్లలో ఓ ముసలమ్మ కొంగు విప్పి బియ్యం మూట ముందు పెట్టింది. వారానికో పిడికెడు చొప్పున తీసిపెట్టిన కానుక. మొత్తం పన్నెండు ఆదివారాలవి. లెక్క తప్పిందేమో కొలిచి చూడమని పట్టుబట్టింది.