హుగ్లీ తీరాన యవన విద్య

కలకత్తా అనగానే మనకు హౌరా వంతెన, ట్రాము బండ్లు, కాళీమాత ఆలయం, రసగుల్లాలు జ్ఞాపకం వస్తాయి. ఎల్.టి.సి. మీద వెళ్ళివచ్చే మన ఉద్యోగులలో చాలామంది దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా స్మారక భవనం దర్శించి, నూలు చీరలు కొనుక్కొని తిరుగు రైలు ఎక్కుతారు. అందులో తప్పేమీ లేదు. కాని 2001లో కోల్‌కతాగా పేరు మారిన ఈ మహానగరంలో ప్రాచీన గ్రీసు దేశపు శిల్పం, విద్య, నాటకం ఏ దారిన వచ్చి ఎక్కడ నిలిచాయో వెదకుతూ రెండు రోజులు తిరిగితే, ఆ యాత్ర రుచి వేరుగా ఉంటుంది.

ముందుగా కంటబడేవి స్తంభాలు. స్ట్రాండ్ రోడ్డులో 1824లో శంకుస్థాపన జరిగిన పాత వెండి టంకశాల ముఖమండపం ఏథెన్సు నగరంలోని పార్థెనాన్ ఆలయానికి సగం కొలతలో చేసిన అనుకరణ. 1813 నాటి టౌన్ హాలు స్తంభాలు కూడా ఆ డోరిక్ శైలికి చెందినవే. అయితే వీటిని తెచ్చినవారు గ్రీకులు కారు. ఇది ఆంగ్లేయులు తమ అధికారానికి తొడిగిన వేషం. నాణేలు ముద్రించే కర్మాగారానికి దేవతాలయపు ముఖం ఎందుకో నాకు అంతగా రుచించలేదు.

అసలైన శిల్పసంగమం చూడాలంటే చౌరంగీలోని ఇండియన్ మ్యూజియానికి వెళ్ళాలి. ఏషియాటిక్ సొసైటీ 1814లో నెలకొల్పిన సంస్థ ఇది. స్వాత్ ప్రాంతంలోని లోరియాన్ తంగై నుండి వచ్చిన గాంధార శిల్పాలు ఇక్కడ ఉన్నాయి. బుద్ధుని శిరస్సుపై అలలు తిరిగిన కేశాలు, భుజాల మీదుగా బరువుగా జారే వస్త్రపు మడతలు గ్రీకు శిల్పుల సంప్రదాయాన్ని తలపిస్తాయి. కాని ఆ అరమూసిన కన్నులలోని శాంతి మాత్రం మన దేశానిదే. భర్హుత్ స్తూపపు ప్రాకారం మీద తలకు పట్టీ కట్టి, చేత ద్రాక్షతీగ పట్టి నిలబడ్డ యోధుడొకడు కనిపిస్తాడు. ఇతడు యవనుడని పండితుల అభిప్రాయం. అతని ఖడ్గపు ఒరపై బౌద్ధుల త్రిరత్న చిహ్నం చెక్కి ఉంది. పరదేశి మన స్తూపానికి కావలి కాస్తున్నాడన్నమాట! మన అమరావతి శిల్పాలు కొన్ని కూడా ఈ మ్యూజియంలోనే ఉన్నాయి. గాంధార శిల్పాలు చూచిన కంటితోనే వాటినీ చూస్తే, రాతిని పూలతీగవలె వంచిన మన శిల్పుల చేతి విశేషం మరింత స్పష్టమవుతుంది.

ఇక నిజమైన గ్రీకులు ఈ నగరానికి వచ్చినది పద్దెనిమిదవ శతాబ్దంలో, వర్తకం కోసం. వారిలో అలెగ్జాండర్ అర్గిరీ అనే వర్తకుడు 1770లో ఒక ఆంగ్ల నౌకలో దుబాసీగా అరేబియా తీరానికి బయలుదేరి తుపానులో చిక్కుకున్నాడట. బ్రతికి బయటపడితే కలకత్తాలో తమ మతస్థులకు చర్చి కట్టిస్తానని మొక్కుకున్నాడట. వారెన్ హేస్టింగ్సు అనుమతితో ఆ మొక్కు అతని మరణానంతరం, 1781లో అమ్రాతల్లా వీధిలో నెరవేరింది. ఇప్పుడు కాళీఘాట్ ట్రాము డిపో సమీపంలో కనిపించే గ్రీకు చర్చి 1924, 25 సంవత్సరాలలో కట్టినది. ఫూల్‌బగాన్‌లోని వారి శ్మశానవాటికలో గ్రీకు లిపిలో చెక్కిన సమాధి ఫలకాలున్నాయి. 1851లో ఇక్కడ శాఖ తెరచిన రాలీ బ్రదర్సు వంటి పెద్ద వర్తకసంస్థల కాలం గడిచిపోయింది.

వర్తకులు పోయినా వారు తమ పిల్లల చదువు కోసం పిలిపించుకున్న ఒక బడిపంతులు పేరు నిలిచింది. ఏథెన్సులో 1760లో జన్మించిన దిమిత్రియోస్ గలానోస్ 1786లో కలకత్తా చేరాడు. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుండి పుట్టి ఉండాలని సర్ విలియం జోన్సు ఏషియాటిక్ సొసైటీలో ప్రకటించిన సంవత్సరం కూడా అదే. గలానోస్ కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, 1793లో కాశీకి తరలిపోయాడు. అక్కడ పండితుల మధ్య నలభై ఏళ్ళు జీవించి, 1833లో కాశీలోనే కన్నుమూశాడు. భగవద్గీత, రఘువంశం, భర్తృహరి సుభాషితాలు అతని చేతిమీదుగా గ్రీకు భాషలోకి వెళ్ళి, మరణానంతరం ఏథెన్సులో అచ్చయ్యాయి. ఏనుగు లక్ష్మణకవి తెలుగులో మనకిచ్చిన ఆ భర్తృహరినే ఈ పంతులు తన దేశస్థులకు ఇచ్చాడు. టంకశాల స్తంభాలన్నీ ఒక ఎత్తు, ఈయన ఒక్కడూ ఒక ఎత్తు.

ఎదురు దిశలో నడిచినవాడు మైకేల్ మధుసూదన దత్తు. అతడు 1844లో బిషప్స్ కాలేజీలో చేరి గ్రీకు, లాటిన్ అభ్యసించాడు. ఆ కళాశాల అప్పుడు శివపూర్‌లో ఉండేది. తరువాత ఆ ప్రాంగణంలోకే ఇంజనీరింగు కళాశాల వచ్చింది. అక్కడ చదివిన ఇంజనీర్లు మన సంస్థలో ఎవరైనా ఉంటే ఈ సంగతి వారికి సంతోషం కలిగించవచ్చు. 1848లో అతడు బ్రతుకుతెరువు కోసం మద్రాసు చేరాడు. అక్కడి నుండి మరుసటి ఏట మిత్రునికి వ్రాసిన లేఖలో తన దినచర్య వివరించాడు. ఉదయం హీబ్రూ, తరువాత బడిలో ఉద్యోగం, పన్నెండు నుండి రెండు వరకు గ్రీకు, రెండు నుండి ఐదు వరకు తెలుగు, సంస్కృతం, ఆపైన లాటిన్, రాత్రి ఇంగ్లీషు! గ్రీకు పుస్తకం మూయగానే తెలుగు పుస్తకం తెరచిన ఆ వంగకవిని తలచుకుంటే మనకు కొంచెం గర్వంగా ఉండక మానదు. ఉద్యోగం చేస్తూ చదువుకు తీరిక లేదనే మాట కూడా నోట రాదు.

ఆ శ్రమ ఫలితం నాటకాలలో కనిపించింది. బంగారు ఆపిల్ పండు కోసం ముగ్గురు దేవతలు తగవులాడిన గ్రీకు కథను 1860లో ‘పద్మావతి’గా మలచినప్పుడు, పండు స్థానంలో బంగారు పద్మం వచ్చింది. దేవతలు శచి, రతి, కుబేరుని భార్య అయ్యారు. ‘ఇలియడ్’ కథను 1871లో ‘హెక్టర్ వధ’ పేరుతో వంగ వచనంలో కొంతవరకు చెప్పాడు. మంగళాంతానికి అలవాటుపడిన ప్రేక్షకుల ముందు 1861లో విషాదాంతమైన ‘కృష్ణకుమారి’ని నిలబెట్టిన సాహసం మాత్రం అన్నిటికంటె గొప్పది. మన ‘యవనిక’ అనే మాటను పట్టుకొని సంస్కృత నాటకమే గ్రీసు నుండి వచ్చిందని వాదించిన పాశ్చాత్య పండితులుండేవారు. గ్రీకు రంగస్థలానికి తెర లేనేలేదు. ఆ వాదానికి నేను ఎక్కువ విలువ ఇవ్వను. అరువు తెచ్చుకున్నప్పుడు మధుసూదనుని వలె బాహాటంగా తెచ్చుకొని సొంతం చేసుకోవడమే మర్యాద.

శతాబ్దం గడిచాక ఆ పని శంభు మిత్ర చేశారు. 1964లో ఆయన ‘బహురూపి’ సంస్థ సోఫొక్లీసు నాటకాన్ని ‘రాజా ఈడిపస్’ పేరుతో వంగభాషలో ప్రదర్శించింది. ఈడిపస్‌గా శంభు మిత్ర, జొకాస్టాగా తృప్తి మిత్ర నటించారు. ప్రజలను కాపాడడానికి దోషిని వెదకుతూ పోయిన రాజుకు ఆ దోషి తానేనని తెలియడం, తన కన్నులు తానే పొడుచుకోవడం కథ. ఆ సంవత్సరమే ఆ సంస్థ రవీంద్రుని ‘రాజా’ను కూడా ప్రదర్శించింది. అందులో రాణి సుదర్శన తన భర్తను చీకటి గదిలో తప్ప కలుసుకోలేదు.