బాపు వేషం

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్న ఫోన్ చేసి, "చిన్నమ్మా, తెలుగుల ప్రాజెక్టు పని ఇచ్చిండ్రు. ఐదుగురం కల్సి చిన్న నాటిక రాసి వెయ్యాలె. నువ్వు పేపర్ల రాస్తవ్ గదా, జర రాసియ్యరాదూ" అంది.

రాయడం నాకు గంట పని. అయినా రాయనన్నాను. పేపర్లో పనిచేసే చిన్నమ్మ ఉండీ ఏం ఫాయిదా అని అది విసురుగా ఫోన్ పెట్టేసింది. ఎందుకు వద్దన్నానో దానికి చెప్పాలంటే 2007కు, మాచారెడ్డికి వెళ్లాలి.

కామారెడ్డి నుంచి సిరిసిల్ల పోయే రోడ్డు మీద ఉంటుంది మా మండల కేంద్రం. ఇప్పుడు కామారెడ్డి జిల్లా గానీ 2016 దాకా మాది నిజామాబాద్ జిల్లానే. అప్పట్లో మా వైపు ఏ వాడకు వెళ్లినా అరుగుల మీద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపించేవాళ్లు. ఇంట్లోకి వెళ్తే గోడ మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని దుబాయ్‌లో దిగిన ఫొటో. చాట ముందు భార్య, ఫొటోలో భర్త. చాలా ఇళ్లలో సంసారం అంటే అదే.

నేనప్పుడు పదో తరగతి. జనవరి 26కు నాటిక వేయాలని తెలుగు సారు ఏడుగురిని ఒక జట్టు చేశారు. పుస్తకంలోది వద్దు, మీరే రాయండి, పదిహేను నిమిషాలు దాటొద్దు, మన ఊరి సంగతే ఉండాలి అన్నారు. తెలుగులో మార్కులు ఎక్కువొస్తాయని రాసే పని నా మీద పడింది. పడింది అంటున్నాను గానీ, నిజానికి నేనే లాక్కున్నాను.

విషయం కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆ ఏడాది జూన్‌లో యూఏఈ ప్రభుత్వం కాగితాల్లేని కార్మికులకు క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా, జైలు లేకుండా సొంత దేశానికి వెళ్లిపోవచ్చన్నారు. మొదట మూడు నెలలే గడువిచ్చి, తర్వాత నవంబరు దాకా పొడిగించారు. 'ఆమ్నెస్టీ' అనే మాట మా ఊళ్లలో చదువు రాని ముసలమ్మల నోట కూడా నలిగింది. ఫలానా ఆయన ఆమ్నెస్టీల అచ్చిండట, ఫలానా ఆయన ఇంకా రాలేదట... ఏ ఇంటి ముందు చూసినా అదే ముచ్చట.

మా దోస్తు వాళ్ల నాన్న రాలేదు. కంపెనీ నుంచి బయటపడి చాటుమాటుగా పనిచేసుకునేవాళ్లను మా దగ్గర 'ఖల్లివెల్లి' అంటారు. ఆయన అలా అయి రెండేళ్లయింది. ఏజెంటుకు కట్టిన డబ్బు తాలూకు అప్పు, వడ్డీతో కలిసి అలాగే ఉంది. ఏ మొహం పెట్టుకుని రావాలె అంటున్నాడట. బతుకమ్మ ఆడి ఇళ్లకు వస్తూ చీకట్లో నాతో చెప్పింది. "ఎవ్వలకు చెప్పకు" అంది. నేను ఒట్టు వేశాను.

నాటికకు 'మిస్డ్ కాల్' అని పేరు పెట్టాను. ఇంటావిడ కాయిన్ బాక్సు దగ్గర్నించో, పక్కింటివాళ్ల సెల్లు నుంచో మిస్డ్ కాల్ ఇస్తుంది. దుబాయ్ నుంచి ఆయన తిరిగి చేస్తాడు. అప్పు, ఏజెంటు, ఖల్లివెల్లి, మొహం చెల్లకపోవడం... ఆ చీకట్లో విన్నదంతా అందులో దించేశాను. ఆఖరి సీన్లో మాత్రం ఆయన సూట్‌కేసుతో దిగుతాడు, అందరూ చప్పట్లు కొడతారు. నోటితో చెబితే కదా ఒట్టు తప్పినట్టు, కాగితం మీద రాస్తే ఏమవుతుంది అనుకున్నానో ఏమో. అసలు ఆ ఒట్టే గుర్తు రాలేదేమో కూడా.

తను కాగితాలన్నీ చదివింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాపు వేషం నేనేస్త" అంది.

ఆడపిల్ల తండ్రి వేషమేంటని మగపిల్లలు నవ్వారు. సారు వాళ్లను కోప్పడ్డారు. మన జిల్లాలోనే బోధన్ దగ్గర అమ్దాపూర్‌లో చిందుల ఎల్లమ్మ ఉండేది, చిందు భాగవతంలో ఎంత పేరు తెచ్చుకుందో తెలుసా అన్నారు. ఎల్లమ్మ పోయింది 2005లో, అంటే అప్పటికి రెండేళ్లే.

రిహార్సల్ వాళ్ల అరుగు మీదే. నేను రాసింది పూర్తిగా పుస్తకం భాష. "ప్రియమైన శ్రీమతీ, నేనిచ్చట క్షేమము" అని తను చదవగానే బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "గట్ల ఎవలు మాట్లాడ్తరే పొల్లా! పెండ్లాంతోటి మాట్లాడుతుండా, కలెక్టర్‌తోటా?" నాకు తల తీసేసినట్టయింది. మర్నాడు సారుకు చెప్పుకుంటే ఆయనా నవ్వారు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడినప్పుడు గురజాడ జనం మాట్లాడుకునే మాటే పెట్టాడు, మీకేం రోగం అన్నారు. అంతా మళ్లీ రాశాం. ఈసారి ఆ అరుగు మీది ఆడవాళ్లే సగం మాటలు అందించారు. వాళ్లమ్మ మాత్రం తలెత్తకుండా బీడీలు చుడుతూనే ఉంది. ఆమెకు వెయ్యి లెక్క పూర్తి కావాలి కదా అనుకున్నాను.

2008 జనవరి 26. జెండా గద్దె పక్కన బల్లలు కలిపి స్టేజీ కట్టాం. తెరకు రెండు చద్దర్లు. తను వాళ్ల నాన్న చొక్కా, లుంగీ కట్టుకుని, కాటుకతో మీసం దిద్దుకుని వచ్చింది. నేను చద్దరు వెనక కాగితాలు పట్టుకుని మాటలు అందిస్తున్నాను. ముందు వరసలోనే వాళ్లమ్మ.

ఫోన్ సీను వచ్చింది. "టికెట్ దొరికింది, వచ్చే శుక్రవారం అస్తున్న" అనాలి తను. అనలేదు. రిసీవర్ చెవికి పెట్టుకుని కాసేపు ఊరుకుంది. తర్వాత మెల్లగా, "పైసలు అందినయా?" అంది. ఆగింది. "బర్రె ఈనిందా? దూడ ఏం పుట్టింది?" మళ్లీ ఆగింది. "పిల్ల సదువుతుందా? ...ఇగ కార్డు అయిపోతుంది, పెడుతున్న."

అవేవీ నేను రాసిన మాటలు కావు. చద్దరు వెనక నుంచి "అస్తున్న అను, అస్తున్న అను" అని గొణుగుతూనే ఉన్నాను. తను రిసీవర్ పెట్టేసి లోపలికొచ్చింది. సూట్‌కేసు సీనుకు మళ్లీ వెళ్లలేదు. ఏం చేయాలో తెలియక చద్దరు దించేశాం. చప్పట్లు లేవు. కొంగుతో ముక్కు తుడుచుకుంటున్న చప్పుడు మాత్రం అక్కడక్కడా వినిపించింది.

నాకు మండిపోయింది. నా నాటికంతా పాడు చేశావని అందరి ముందూ అరిచాను. తను చెంగుతో మీసం చెరుపుకుంటూ, "ఫోన్ల మాట్లాడే బాపే నాకెరుక. అచ్చే బాపు ఎట్ల ఉంటడో నాకు తెల్వది. నేనెట్ల చెయ్యాలె?" అంది.

అప్పుడు ముందు వరసకేసి చూశాను. వాళ్లమ్మ లేదు. ఎప్పుడు లేచిపోయిందో ఎవరూ చూడలేదట. ఊరికంతా తెలియకూడదనుకున్న సంగతిని మైకు పెట్టి మరీ చెప్పించానని అప్పటికి గానీ నాకు తట్టలేదు. పరీక్షలయ్యేదాకా ఆ అరుగు వైపు పోలేదు. మాటలు కలవడానికి ఇంటర్ రెండో ఏడాది వరకు పట్టింది. అదైనా తనే వచ్చి పలకరిస్తే.

యూఏఈ 2012లో మళ్లీ క్షమాభిక్ష ప్రకటించింది. ఆయన ఈసారి వచ్చాడు. సూట్‌కేసు లేదు, చేతిలో ఒక బ్యాగు. చప్పట్లు కొట్టిన వాళ్లెవరూ లేరు. మొదటి రెండు రోజులూ ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక దొడ్లో బర్రె దగ్గరే కూర్చునేవాడట.

తర్వాత జర్నలిజం డిప్లొమా క్లాసులో 'మీ సోర్సు మాట నిలబెట్టాలి' అని చెబుతుంటే మిగతావాళ్లు నోట్సు రాసుకున్నారు. నేను రాసుకోలేదు.

ఇది రాయడానికి కూర్చునే ముందు తనకు ఫోన్ చేశాను. పేరు రాయను, ఊరు రాయను, అయినా వద్దంటే మానేస్తాను అన్నాను. వాళ్లమ్మను అడిగి చెబుతానంది. సాయంత్రం చేసింది.

"రాస్కోమన్నది. గని బర్రె ముచ్చట ఇడిసిపెట్టకు. దుడ్డె పుట్టింది."