మావాడు కారు తీశాడు

ఇంట్లో పిల్లలు అడక్కుండా తీసుకునే వస్తువులకి ఒక వరస ఉంది. మూడేళ్ళప్పుడు పంచదార, ఆరేళ్ళప్పుడు నాయనమ్మ చూడకుండా ఆవకాయ జాడీలో ముక్క, పదేళ్ళప్పుడు పోపులపెట్టెలో చిల్లర, పన్నెండేళ్ళప్పుడు నాన్నగారి ఫోను. వీటికి మనం కేకలేస్తాం, మర్నాటికి మరిచిపోతాం. చెప్పొద్దూ, కొన్నిటిని పేరంటాల్లో మురిపెంగా చెప్పుకుంటాం కూడా. చిక్కంతా పదహారో ఏట వస్తుంది. అప్పటికి వాడి కాళ్ళు క్లచ్చికి అందుతాయి.

కారుని కూడా ఆ వరసలో చివర చేర్చేసి, "పోనిద్దూ, పిల్లలన్నాక" అనెయ్యడం చాలా ఇళ్ళల్లో చూస్తున్నాను. కూడదని నా వాదన.

మా రాజమండ్రిలో శ్రావణమాసం వస్తే పూలకి కరువుండదు. పక్కనే కడియం, కడియపులంక. మాకు వాడుకగా పూలు తెచ్చే ఆయన ఓ శుక్రవారం పొద్దున్నే చామంతులు తూస్తూ, "మొన్న అబ్బాయిగారు కారేసుకుని మా ఊరొచ్చేరండి. కాలవ గట్టు మీద లారీ ఎదురొస్తే ఎంత ఒడుపుగా తప్పించేరనుకున్నారు! నాన్నగారికంటే బాగా నడుపుతున్నారండి, ఆయ్!" అన్నాడు.

చూశారా, నేరం నా దగ్గరికి ఫిర్యాదుగా రాలేదు, మెచ్చుకోలుగా వచ్చింది. అసలు గొడవంతా అక్కడే ఉంది.

మావాడికి పదహారు నిండి ఏడు నెలలు. ఇంటరు మొదటి సంవత్సరం. సంక్రాంతి సెలవులకి మా ఆడపడుచుగారి ఊరు వెళ్ళినప్పుడు, కోసిన చేల్లో వాళ్ళ బావలు కారు నేర్పారట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. రెండో శనివారం వాళ్ళ నాన్నగారు భోంచేసి నడుం వాల్చారు. నేను మా పిన్నిగారింటికి వెళ్ళాను. ఆ రెండు గంటల్లో ముగ్గురు స్నేహితుల్ని ఎక్కించుకుని, ధవళేశ్వరం మీదుగా కడియపులంక వెళ్ళి, నర్సరీల్లో ఫొటోలు దిగి, కారు తెచ్చి షెడ్డులో పెట్టేసి, నేను వచ్చేసరికి బుద్ధిగా లెక్కలు చేసుకుంటున్నాడు!

పూలాయన వచ్చి వెళ్ళిన సాయంత్రం మా ఇంట్లో కోర్టు కూర్చుంది. వాడు అబద్ధం ఆడలేదు, ఒప్పుకున్నాడు. ఇక శిక్ష ఏవిటన్నదే మిగిలింది.

మా అత్తగారు ముందే ముద్దాయి పక్షం చేరారు. "వాడేమైనా దొంగతనం చేశాడా, దొమ్మీ చేశాడా? వాళ్ళ తాతగారు పన్నెండో ఏట రెండెడ్ల బండి తోలేవారు" అన్నారు.

"ఎడ్లకి దారి తెలుసు అత్తయ్యగారూ. తోలేవాడు కునుకు తీసినా ఇంటికి చేరుస్తాయి. కారుకి అంత జ్ఞానం లేదు" అన్నాను.

మావారు మొదట చెయ్యెత్తారు. గొంతు చించుకుని అరిచారు. కాస్త చల్లబడ్డాక, ఉండబట్టలేక, "లారీ ఎదురొచ్చినప్పుడు ఏ గేరులో ఉన్నావురా?" అని అడిగారు. "సెకండులో, నాన్నా" అన్నాడు వాడు. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు గాని, మీసం చాటున నవ్వు దాగలేదు. నేను చూశాను. నేను చూస్తే ఫరవాలేదు, వాడూ చూశాడు.

అంతే, ఆ గంటసేపు తిట్టిన తిట్లన్నీ గోదాట్లో కలిసిపోయాయి.

హైదరాబాదు నించి మా తమ్ముడు, "నెల్లాళ్ళు ఫోను లాక్కో అక్కా" అని సలహా చెప్పాడు. కూరలో ఉప్పెక్కువైందని పట్టుచీరకి జరిమానా వేసినట్టుంటుంది. తీసింది కారైతే ఫోనుకి శిక్ష ఏవిటి? పోనీ కొడదామా? పదహారేళ్ళవాడిని కొడితే దెబ్బ తినేశాను, బాకీ చెల్లిపోయిందనుకుంటాడు. పోనీ మాట్లాడ్డం మానేద్దామా? మూడో పూటకల్లా "అన్నం తిన్నావురా?" అని మనమే అడుగుతాం.

అందుకని ముందు చట్టం ఏమంటోందో అందర్నీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. ఆ ఏడు సెప్టెంబరు 1 నించి అమల్లోకి వచ్చిన మార్పుల్లో ఇదొకటి: 18 ఏళ్ళు నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే, తల్లిదండ్రులో బండి యజమానో దోషులు. 3 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. తమకి తెలియకుండా జరిగిందని గాని, జరక్కుండా తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని గాని పెద్దవాళ్ళు రుజువు చేసుకుంటేనే బయటపడతారు. పూలాయన చెప్పిపోయాక ఇంక రెండోసారి "మాకు తెలియదండీ" అనడానికి మాకు నోరెక్కడిది?

ఇన్సూరెన్సు ఉందిగా అంటారేమో. లైసెన్సు లేనివాడు నడిపితే, దెబ్బ తిన్నవాళ్ళకి ఇచ్చిన డబ్బుని కంపెనీవారు తిరిగి కారు యజమాని దగ్గరే రాబట్టుకోవచ్చు.

మా కారు నా పేరున ఉంది. ఈ ముక్క వినగానే మా అత్తగారు సర్దుకుని కూర్చున్నారు. "అయితే మూడేళ్ళు వంటెవరు చేస్తారే?" అన్నారు. అందరం నవ్వాం గాని, ఆవిడ ఆ తరవాత మనవడి తరఫున వకాల్తా పుచ్చుకోలేదు.

2024 మే నెలలో పూనాలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. పదిహేడేళ్ళ కుర్రాడు అర్ధరాత్రి దాటాక ఖరీదైన కారు నడిపి, మోటారు సైకిలు మీద వెళుతున్న ఇద్దర్ని పొట్టనబెట్టుకున్నాడు. రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల్లో వ్యాసం రాయమని చెప్పి వాడికి బెయిలిచ్చారు. దేశమంతా భగ్గుమన్నాక ఆ ఉత్తర్వు మారింది, తండ్రినీ అరెస్టు చేశారు. వ్యాసాలు రాసుకునే దాన్ని గనక చెబుతున్నాను, వ్యాసం రాయడం అంత పెద్ద శిక్షేం కాదు! అయితే ఆ రోజు ఆ ఇద్దరి కన్నవాళ్ళూ ఆ 300 మాటల సంగతి వినే ఉంటారు గదా అని తలుచుకుంటే మాత్రం అన్నం సయించలేదు.

పూనా దాకా ఎందుకు, మన కాలవ గట్లు చాలవూ? కాటన్ దొర హయాంలో, 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని వెంట తవ్విన కాలవల్లో పంటకి నీళ్ళే కాదు, పడవలూ నడిచేవి. గట్టు మీద మనుషులు తాడు కట్టి వాటిని లాక్కుపోయేవారు. తాడు పట్టుకుని నడిచే మనిషికి ఎంత దారి కావాలి? అలాంటి గట్లమీదే ఇవాళ లారీలూ, కాలేజీ బస్సులూ, ధాన్యం ట్రాక్టర్లూ. చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. ఒక పక్క కాలవ, ఒక పక్క పల్లపు చేలు. ఎండాకాలం మరమ్మతులకి కట్టేసినప్పుడు కాలవ పిల్లకాలవలా అమాయకంగా ఉంటుంది. నీళ్ళు వదిలి, శ్రావణం వచ్చేసరికి నిండుగా, ఎర్రగా, చప్పుడు చెయ్యకుండా పోతూ ఉంటుంది. అందులోకి దిగిన కారు తలుపు లోపలినించి తోస్తే రాదు, నీళ్ళు బయటినించి అదిమి పడతాయి. మన పేపర్లలో ఇలాంటి వార్తలు చదవనివాళ్ళు ఈ రెండు గోదావరి జిల్లాల్లో ఉన్నారా? మావాడు తప్పించుకున్నది ఒక లారీని కాదు. ఆ మాట వాడికి అర్థం కావాలి. ఎలా?

అప్పుడు నాకు తోచింది, వాడు అడక్కుండా తీసుకున్నది కారొక్కటే కాదు. ముగ్గురు తల్లుల్ని అడక్కుండా ముగ్గురు పిల్లల్ని కూడా తీసుకుపోయాడు. కారు తిరిగిచ్చాడు సరే, ఆ ముగ్గురికీ జవాబెవరు చెబుతారు?

ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకుని మూడిళ్ళకీ వెళ్ళాను. నేను పక్కన కూర్చుంటాను గాని నోరు విప్పనని ముందే చెప్పాను. ప్రతి ఇంట్లోనూ వాడే చెప్పాలి: "లైసెన్సు లేకుండా మీ అబ్బాయిని కారెక్కించుకుని కాలవ గట్టు మీద తీసుకెళ్ళానండీ."

మొదటి ఇంట్లో ఆయన మావాణ్ణి వదిలేసి తన కొడుకుని నాలుగు తిట్టారు. రెండో ఇంట్లో కాఫీ ఇచ్చి, "కుర్రాళ్ళన్నాక మామూలేనండీ" అన్నారు. వాడి మొహంలోకి కాస్త కళ వచ్చింది. మూడో ఇంట్లో ఉన్నది తల్లీ కొడుకూ ఇద్దరే. ఆవిడ జాకెట్లు కుట్టి కొడుకుని చదివిస్తోంది. వాడు చెప్పిందంతా విని, మిషను ఆపి, నెమ్మదిగా అడిగింది.

"మావాడు ఎక్కడ కూర్చున్నాడు బాబూ?"

"వెనకాల, కిటికీ పక్కనండీ."

"కాలవ వైపా?"

వాడు చాలాసేపు తల ఎత్తలేదు. "వెళ్ళేటప్పుడు కాలవ వైపేనండీ" అన్నాడు.

ఆవిడ ఇంకేమీ అనలేదు. మంచినీళ్ళిచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మావాడు నాతో మాట్లాడలేదు. ఆ రాత్రి పెరుగన్నం కూడా కెలికి వదిలేశాడు. వాళ్ళ నాయనమ్మ గాబరా పడితే, "ఒక్క పూటకి ఏం కాదులెండి" అన్నాను.

మిగిలిన శిక్షలు చిన్నవి. కారు తాళాలు మేకు మీంచి బీరువాలోకి, నా కాసులపేరు పక్కకి చేరాయి. ఆదివారం పూట కారు కడగడం వాడి పని. కాలేజీకి సైకిలే. 18 నిండిన మర్నాడు లెర్నర్సు లైసెన్సుకి నేనే తీసుకెళతానని మాటిచ్చాను. శిక్షకి చివరొకటి కనబడాలి గదా, లేకపోతే పిల్లలు చీకట్లో నడిచినట్టు నడుస్తారు.

పదహారో ఏడొచ్చిన కొడుకుని స్నేహితుడిలా చూడాలని పెద్దలన్నారు. నిజమే. కాని స్నేహితుడన్నవాడు తప్పుడు పనికి భుజం తట్టకూడదు. పెద్దవాళ్ళం పైకి కోప్పడుతూ లోపల మురిసిపోతే, పిల్లలు మన కోపాన్ని వదిలేసి మురిపాన్నే పట్టుకుంటారు. వాళ్ళకి దాని వాసన అలా తెలిసిపోతుంది.

అందుకే మావారికి విడిగా ఒక్క మాట చెప్పాను. "మీరు తిట్టండి, తిట్టకపొండి, మీ ఇష్టం. నవ్వకండి."

"బాగా నడిపాడంటే బాగా నడిపాడనకూడదా?" అని గునిశారు.

"అందురుగాని, లైసెన్సు రానివ్వండి. ఆ మెచ్చుకోలు కూడా అందాకా బీరువాలోనే పెట్టండి, తాళాల పక్కన" అన్నాను.