పడేసిన ముక్కలు

9 జూలై 2023, ఆదివారం

పొద్దున్న ఎనిమిదింటికి ఆన్‌లైన్‌లో పోకర్‌కి కూర్చున్నాం. అమెరికాలోని ఫ్రిస్కోలో ఉన్న మామకి (హాస్టల్ నాటి స్నేహితుడు) అప్పుడు శనివారం రాత్రి తొమ్మిదిన్నర. ఉత్తి చిప్స్ ఆటే. ఆన్‌లైన్ పేకాటలో డబ్బు పందెం తెలంగాణలో 2017లోనే నిషేధించారు, మాతో ఆడే తెనాలి వాడి ఆంధ్రప్రదేశ్‌లో 2020లో. అయినా ఓడితే కడుపు మండుతుంది.

నాకు రెండు ఆసులు. బల్ల మీద నాలుగు ముక్కలు, అందులో రెండు ఆఠీన్లు. పాట్‌లో 600 ఉంటే నేను 300 వేశాను. మామ దగ్గర రెండు చిన్న ఆఠీన్లు. చివరి ముక్క ఆఠీను పడితే ఫ్లష్, లేకపోతే ఏమీ లేదు. కాసేపు ఆలోచించి 300 కట్టాడు. ఆఠీను ఏడు పడింది. వెంటనే 500 వేశాడు. ఆసుల్ని వదల్లేక అదీ కట్టాను.

గ్రూపులో రాసేశాను: "లెక్క రాని గాడిదలతో ఆడితే ఇంతే." మామ జవాబివ్వలేదు.

11 జూలై, మంగళవారం

రాత్రి కాగితం ముందేసుకున్నాను. మామకి కనపడని ముక్కలు 46, వాటిలో ఆఠీన్లు 9. అంటే నూటికి ఇరవై కూడా లేదు. 900 కోసం 300 కట్టాలంటే పాతిక ఉండాలి. ఇక్కడిదాకా నా మాటే రైటు. కానీ ఆఠీను పడ్డాక నా దగ్గర ఇంకో 334 రాబట్టగలిగితే వాడికి నష్టం లేదు. వాడు 500 రాబట్టాడు.

ఫోన్ చేశాను. "నువ్వు వేసిన తీరులోనే పెద్ద జత ఉందని తెలిసిందిరా. ఆసులొస్తే నువ్వు వదలవు. హాస్టల్లో రమ్మీ ఆడేటప్పుడూ అంతే, జోకరొస్తే చచ్చినా డ్రాప్ చేసేవాడివి కాదు" అన్నాడు. వాడు నన్ను కూడా లెక్కలో వేసుకున్నాడు. నాకు ఆ సంగతే తట్టలేదు.

క్షమించమన్నాను. గ్రూపులోనూ రాశాను, తిట్టింది అక్కడే కాబట్టి.

16 జూలై, ఆదివారం

ఈసారి ఆఠీను కోసం చూస్తున్నది నేను. మామ 200 వేశాడు, నేనింకా తేల్చుకోలేదు. అప్పటికే దిగిపోయిన తెనాలి వాడు వీడియో కాల్‌లో "అయ్యో, నేను పడేసినవి రెండూ ఆఠీన్లే!" అన్నాడు. 46లో 9 కాస్తా 44లో 7 అయిపోయింది. నేనూ పడేశాను. ఆ మాట రాకపోతే కట్టేవాణ్ణి. మామకి కోపం వచ్చింది, న్యాయంగానే వచ్చింది.

"సరదాకేగా, డబ్బులాటా ఏంటి?" అన్నాడు తెనాలి వాడు. నేనొప్పుకోను. మా ఊళ్లో అరుగు మీద నాన్న వాళ్లు ఆడేది పాయింటుకి పావలా. డ్రాప్ చేసినవాళ్లు ముక్కలు బోర్లించి, మంచినీళ్లకని లేచి వెళ్లిపోయేవాళ్లు. ఎవరైనా నోరు జారితే ఆ ఆట అక్కడే ఆపి మళ్లీ కలిపి పంచేవాళ్లు. మాకు బోర్లించడానికి చేతిలో ముక్కలు లేవు. మీట నొక్కితే మాయమవుతాయి, దిగిపోయామన్న సంగతీ గుర్తుండదు. దిగినవాడు మైకు ఆపాలని అనుకున్నాం.

23 జూలై, ఆదివారం

చివరి పంపకంలో తెనాలి వాడు ముందే దిగి మైకు ఆపాడు. తెర మీద వాడి పెదాలు కదులుతున్నాయి, మాట వినపడట్లేదు. ఆట తేలగానే మైకు తెరిచి మొదలుపెట్టాడు: మామ మూడు ముక్కలు పడ్డప్పుడే గట్టిగా వేయాల్సిందని. మామ కాదన్నాడు. ఇద్దరూ కాగితాలు తెచ్చుకున్నారు. ఫ్రిస్కోలో పన్నెండు దాటింది.