కళ్ళజోడు తీసి చదివేవాడు

కళ్ళజోడు కొందరికి వస్తువు కాదు. ముఖంలో ఒక భాగం. ప్రూఫులు దిద్దడమే వృత్తిగా జీవితం గడిపిన ఒక పెద్దమనిషి పదమూడవ యేట ఆ భారాన్ని ముక్కుమీదికి ఎత్తుకున్నాడు. యాభైమూడేళ్ళు వచ్చినా దించలేదు. వానలో తడిసిన అద్దాలను పంచె చెరగుతో తుడుచుకొన్నప్పుడల్లా మాత్రం విసుక్కొనేవాడు.

ఇరవైనాలుగేళ్ళ కూతురు లేజరు చికిత్సతో తన జోడును వదిలించుకుంది. మరునాటి ఉదయం మంచం మీదినుంచే గోడ గడియారంలో వేళ చదివి, పసిపిల్ల వలె నవ్వింది. "మీరూ చేయించుకోండి, నాన్నగారూ" అన్నది.

ఆ చికిత్సకు మూలం విచిత్రమైనది. 1981 నవంబరులో, భారతదేశంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు రంగస్వామి శ్రీనివాసన్ పండుగ విందులో మిగిలిన టర్కీకోడి ఎముకను అమెరికాలోని ఐ.బి.ఎం. పరిశోధనాలయానికి పట్టుకువెళ్ళాడు. 193 నానోమీటర్ల అతినీలలోహిత లేజరు కాంతిని దానిమీద ప్రసరింపజేశాడు. చక్కని గాడి పడింది. చుట్టూ కమిలిన జాడ లేదు. ఆ కాంతితోనే నేడు వైద్యులు కార్నియాను చెక్కుతున్నారు. అర మిల్లీమీటరుకు కొంచెం మించిన మందం గల ఆ పారదర్శక పటలం వంపును సవరిస్తే, దూరపు దృశ్యం రెటీనా మీద సరిగా పడుతుంది. కాని చెక్కిన పొర తిరిగి రాదు.

తండ్రిని పరీక్షించిన వైద్యుడు, "ప్రూఫులు జోడుతో దిద్దుతారా?" అని అడిగాడు.

"లేదండీ, తీసి దిద్దుతాను."

"అయితే చికిత్స తరువాత దిద్దడానికే జోడు కావలసివస్తుంది."

వయసుతో కంటిలోని కటకం బిగుసుకొంటుంది. దగ్గరి వస్తువుకు తగినట్లు తన వంపు మార్చుకోలేదు. కార్నియాను చెక్కే లేజరు ఆ బిగువును సడలించదు. మూడు డయాప్టర్ల హ్రస్వదృష్టి గలవానికి మాత్రం, జోడు తీయగానే 33 సెంటీమీటర్ల దూరంలోని అక్షరం ప్రయాస లేకుండా కనబడుతుంది. అది పుస్తకం పట్టే దూరమే. నలభైయేళ్ళుగా లోపమని అతడు నిందించినదే ఇప్పుడు అతనికి అన్నం పెడుతున్నది.

ఒక కంటిని దూరానికి సవరించి, రెండవదాన్ని దగ్గరకు విడిచే పద్ధతి కూడా ఉందనీ, ముందుగా కాంటాక్టు లెన్సులతో సరిచూసుకోవచ్చుననీ వైద్యుడు చెప్పాడు. అతడు ఆలోచించుకొంటానని లేచాడు.

కూతురి నిర్ణయం కూతురికి తగినదే. నలభై దాటాక ఆమెకూ చదవడానికి అద్దాలు రావచ్చు. అందాకా ఆమె చూడవలసిన లోకం దూరదూరాల ఉన్నది. అతని లోకం చాలావరకు జానెడున్నర దూరంలోనే ఉన్నది.

ఆ రాత్రి అతడు జోడు తీసి బల్లమీద పెట్టి, ప్రూఫుల కట్టను దగ్గరకు లాక్కున్నాడు. మూడవ పంక్తిలో ఒక సున్న జారిపోయింది. దాన్ని చేర్చాడు.