టోపీ పెట్టుకున్న పెద్దవూర

గోనెసంచి బోర్లించగానే పిల్లలు మీద పడ్డారు. చీపురుకట్ట, చెంబు, తాళంకప్ప, బత్తాయి, వరికంకి, టూత్‌పేస్టు డబ్బా, ఖాళీ విత్తనాల ప్యాకెట్టు, ఆర్టీసీ టికెట్టు, పాత శుభలేఖ. మూడో తరగతి, నాలుగో తరగతి కలిసి కూర్చునే గది అది. బల్లలు గోడకు జరిపేసి నేల మీద సుద్దముక్కతో రెండు పెద్ద సున్నాలు చుట్టారు. ఒకదానిలో ‘అందరి పేరు’, రెండోదానిలో ‘సొంత పేరు’ అని రాసి ఉంది. కామన్ నౌన్, ప్రాపర్ నౌన్ అనే మాటలు ఇంకా బోర్డెక్కలేదు. టీచరమ్మకు ఆ తొందర కూడా ఉన్నట్టు లేదు.

నల్లగొండ నుంచి హాలియా మీదుగా నాగార్జునసాగర్ పోయే దారిలో ఉంటుంది పెద్దవూర. చలకుర్తి నవోదయ విద్యాలయం ఈ మండలంలోనిదే కాబట్టి చదువులు పట్టించుకునే ఇళ్లలో ఈ పేరు వినపడుతూనే ఉంటుంది. నేను వెళ్లింది నవోదయకు కాదు. ఊరి పిల్లలూ చుట్టుపక్కల తండాల పిల్లలూ కలిసి చదివే ఒక మామూలు సర్కారు ప్రాథమిక బడికి. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. దానితో టీచర్లకు ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. పిల్లలు మామిడిపండుకు పెద్ద అక్షరం పెడతారు, సొంత ఊరికి మానేస్తారు. తప్పు పిల్లలది కాదు. తెలుగు రాతలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడా లేదు. పేరైనా వస్తువైనా ఒకటే అక్షరం. అలాంటి పిల్లలకు ఎక్కడ పెద్ద అక్షరమో చెప్పాలంటే ముందు ఏది పేరో తేలాలి.

చెంబు, చీపురు, తాళం గబగబా మొదటి సున్నాలోకి వెళ్లాయి. టికెట్టు మీదున్న ‘హాలియా’ను చించి రెండో సున్నాలో పెట్టింది ఒక పాప. గొడవ టూత్‌పేస్టు డబ్బా దగ్గర వచ్చింది. డబ్బా మీద ఉన్న పేరు చదివి, “కోల్గేట్ కంపెనీ పేరు, సొంత పేరే” అన్నది ఒక జట్టు. ఇంకో జట్టులోని పిల్లవాడు ఒప్పుకోలేదు. “మా అమ్మ కోల్గేటు తెమ్మంటది. నేను వేరేది తెస్త. ఏమనదు. గట్లైతే అందరి పేరే గద మేడం!”

వాడి వాదం నాకు నచ్చింది. వ్యాకరణ పుస్తకాల్లో ఈ పేచీ సాధారణంగా దొరకదు, ఊళ్లో మాత్రం రోజూ దొరుకుతుంది. కాయితం నకలుకు జిరాక్స్, మట్టి తవ్వే బండికి జేసీబీ, వనస్పతికి డాల్డా. జేసీబీ అన్నది ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బాంఫర్డ్ 1945లో పెట్టిన కంపెనీకి ఆయన పేరులోని పొడి అక్షరాలే. మనిషి పేరు కాస్తా మన చెరువు పూడిక తీసే బండి పేరైంది. టీచరమ్మ తీర్పు చెప్పలేదు. సున్నాలు చెరిపి, ఒకదాన్నొకటి కోసుకునేలా మళ్లీ గీశారు. డబ్బా ఆ నడిమి జాగాలో కూర్చుంది. కాసేపటికి జిరాక్స్, జేసీబీ కూడా చీటీల రూపంలో వచ్చి దాని పక్కన చేరాయి.

తర్వాత ఆడించిన ఆటే ఈ బడికి ప్రత్యేకం అనిపించింది. ముగ్గురు పిల్లలు వరసగా నిలబడాలి. ఒకరు తెలుగులో చెబితే, తండా నుంచి వచ్చిన పాప ఇంట్లో మాట్లాడే గోర్ బోలిలో చెప్పాలి, మూడోవాడు ఇంగ్లీషులో. నీళ్లు, పాణీ, వాటర్. ఇల్లు, ఘర్, హౌస్. ఆ తర్వాత టీచరమ్మ ‘పెద్దవూర’ చీటీ తీశారు. పెద్దవూర, పెద్దవూర, పెద్దవూర! గదంతా నవ్వులు. సూత్రం పిల్లలే చెప్పేశారు: “మారకుంటే సొంత పేరు.” అప్పటిదాకా వెనక కూర్చున్న తండా పిల్లలు ఈ ఆటలో ముందుకు వచ్చి, మిగతావాళ్లకు మాటలు అందించారు. వాళ్ల ఇంటి భాష బడిలో అడ్డంకి అని ఫిర్యాదు చేసేవాళ్లు ఈ గంటసేపు ఇక్కడ కూర్చుంటే బాగుండేది.

అయితే సూత్రం దొరికిందని సంబరపడుతుండగానే దానికి చిల్లు పడింది. “మరి ఎడమ కాలువ? లెఫ్ట్ కెనాల్ అంటరు గద?” అడిగింది నాలుగో తరగతి పిల్ల. నిజమే. సాగర్ ఎడమ కాలువ ఒక్కటే ఉంది, అందరూ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు, అయినా ఇంగ్లీషులోకి వెళ్లగానే మారిపోతుంది. దానికి ఇంకో పేరుందని టీచరమ్మ చెప్పారు: లాల్ బహదూర్ కాలువ. కుడి వైపుది జవహర్ కాలువ. ఆ పేర్లు ఏ భాషలోనూ మారవు. ఊళ్లో మాత్రం ఆ పేర్లతో పిలిచేవాళ్లు అరుదు. ఇంకొకడు ఆగలేక, “పెద్దవూరను బిగ్ విలేజ్ అనొచ్చా?” అన్నాడు. “బిగ్ విలేజ్ అని ఉత్తరం రాస్తే పోస్టుమాన్ మనకు తెచ్చిస్తడా?” అని ఎదురు ప్రశ్న వేశారు టీచరమ్మ. ఇయ్యడు, ఇయ్యడు అని అరిచారు. అక్కడితో ఆ సంగతి తేలిపోయింది.

ఒక్కటే ఉంటే సొంత పేరు, చాలా ఉంటే అందరి పేరు అని మనలో చాలామంది చిన్నప్పుడు బట్టీ పట్టాం. ఆ నిర్వచనం ఈ గదిలో ఐదు నిమిషాలు కూడా నిలబడలేదు. కృష్ణ అంటే నది, కృష్ణ అంటే దేవుడు, కృష్ణ అంటే వీధికొకడు. అయినా సొంత పేరే. ఎన్ని ఉన్నాయని కాదు, ఎవరో ఒకరు పిలవడానికి పెట్టారా లేదా అని అడగాలి. పిల్లలకు ఇది తేలిగ్గా అందింది. ఎందుకంటే కుక్కపిల్లకూ, దూడకూ పేరు పెట్టే అలవాటు వాళ్లకుంది.

భోజనాల తర్వాత నేల మీద పటం గీశారు. పెద్దవూర, హాలియా, కొంచెం దూరంలో సాగర్. పిల్లల నోట డ్యాం అంటే నాగార్జునసాగరే. ప్రపంచంలో ఇంకో డ్యాం ఉందన్న ధ్యాస లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన చోటు నందికొండ. ఇప్పుడక్కడి మున్సిపాలిటీ పేరు అదే. ఇక విజయపురి సంగతి చెప్పినప్పుడు పిల్లలు నోళ్లు తెరిచారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి జలాశయం అడుగున మునిగింది. మునగకముందు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను ఒక కొండ మీదికీ అనుపు అనే చోటికీ తరలించారు. పేరునూ ఒడ్డుకు తెచ్చి కాలనీకి పెట్టారు. ఊరు పోయినా పేరు బతకొచ్చని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

చివర టోపీల ఆట. ఒక్కో అక్షరం ఉన్న అట్ట ముక్క ఒక్కో పిల్లవాడి చేతిలో. ఇంగ్లీషులో పెద్దవూర రాసేలా వరసగా నిలబడితే మొదటి అక్షరం పట్టుకున్నవాడికి న్యూస్‌పేపరు టోపీ. చెంబుకు నిలబడినప్పుడు టోపీ ఎవరికీ లేదు. టోపీ కోసం ప్రతివాడూ మొదటి అక్షరం కావాలన్నాడు. జర్మన్ భాషలో నామవాచకం ఏదైనా పెద్ద అక్షరంతోనే మొదలవుతుందని నాకు గుర్తొచ్చింది. అక్కడైతే చీపురుకూ టోపీయే. ఆ మాట అప్పుడు అనలేదు. అంటే మళ్లీ మొదటికొచ్చేది.

చేతులతో నేర్పడం మనకు కొత్తేమీ కాదు. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆమె పద్ధతిలో నామవాచకానికి నల్ల త్రిభుజం గుర్తు. బ్రిటిష్ సాయంతో నడిచిన ఏపీపెప్ పథకం కృత్యాధార బోధనను ఉమ్మడి రాష్ట్రమంతా తిప్పింది. 2022 ఆగస్టులో బడుల్లో తొలిమెట్టు కార్యక్రమం మొదలయ్యాక టీఎల్‌ఎం (బోధన సామగ్రి) మేళాలు మళ్లీ జోరందుకున్నాయి. ఈ మేళాల మీద నాకు పెద్ద గురి లేదు. థర్మోకోల్ మీద రంగుకాగితాలు అంటించి, ఫొటో దిగాక గోడకు వేలాడదీసే సామగ్రే అక్కడ ఎక్కువ కనపడుతుంది. పిల్లలు ముట్టుకుంటే చిరుగుతుందని భయం. ఈ బడి గోనెసంచిలో చిరిగితే బాధపడే వస్తువు ఒక్కటీ లేదు. పైగా పిల్లలు పోట్లాడుకునే వస్తువులు ఉన్నాయి. పోట్లాట లేని కృత్యం చేతిపని అవుతుంది గానీ పాఠం కాదు.

అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచింది శుభలేఖ. వరుడు, వధువు, మేనమామ అందరి పేర్లు. వాళ్ల పక్కన ఉన్నవి సొంత పేర్లు. ముహూర్తం ఎటు పోవాలో తేలలేదు. పేరు ముందున్న ‘చి.’ అంటే ఏమిటని ఒకడు అడిగాడు. చిరంజీవి అన్నారు టీచరమ్మ. “సిన్మా చిరంజీవా?” అని గది గోలెత్తిపోయింది. ఒక్క కార్డులో ఊళ్లు, మనుషులు, ఫంక్షన్ హాలు, వారం, తేదీ అన్నీ దొరికాయి. ఇన్ని నామవాచకాలున్న పేజీ పాఠ్యపుస్తకంలోనూ కష్టమే.

సంచిలో ఉన్నది ఆ ఒక్క కార్డే. అది కూడా మడతల దగ్గర విడిపోయింది. పెళ్లిళ్ల సీజను అయ్యాక మీ ఇంట్లో అలమారా మీద పడుండే శుభలేఖలు, వాడేసిన బస్సు టికెట్లు, విత్తనాల సంచులు, మందుల అట్టపెట్టెలు పారేయకండి. దగ్గర్లోని ప్రాథమిక బడిలో ఇచ్చిరండి. కార్డుల మీద ఫోన్ నంబర్లుంటే కత్తిరించి ఇవ్వండి.