తిథిని లెక్కించిన విద్యార్థి

వేదాంత సంప్రదాయం విద్యాసాధనకు శ్రవణం, మననం, నిదిధ్యాసనం అనే మూడు సోపానాలను నిర్దేశించింది. శ్రవణం వల్ల విషయం తెలుస్తుంది. మననం వల్ల సంశయం తొలగుతుంది. నిదిధ్యాసనం వల్ల విపరీతభావన నశిస్తుంది. కర్మ స్వయంగా జ్ఞానాన్ని ఉత్పాదించదనీ, జ్ఞానానికి అడ్డుగా నిలిచే చిత్తమాలిన్యాన్ని మాత్రం క్షాళనం చేస్తుందనీ శంకరభగవత్పాదుల సిద్ధాంతం. ఇవన్నీ బ్రహ్మవిద్యావిషయకాలు. లౌకికవిద్యను దానితో తులతూచడం తగదు. అయినప్పటికీ ఈ క్రమపు ఛాయ లౌకికవిద్యలోనూ గోచరిస్తుందనడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొంటూ తార్నాకలో నివసించిన ఒక విద్యార్థి అనుభవం నిదర్శనం.

అతడు అభ్యసించదలచిన విద్య బ్యాకెండ్ నిర్మాణం. మన కంటికి కనిపించే వెబ్ పుట వెనుక, కంటికి కనిపించని సర్వర్ ఒకటి ఉంటుంది. అది అభ్యర్థనను స్వీకరిస్తుంది, పరీక్షిస్తుంది, డేటాబేసులో భద్రపరచిన విషయాన్ని వెదకి ప్రత్యుత్తరమిస్తుంది. ఈ అదృశ్యభాగమే బ్యాకెండ్. అతడు పైథాన్ భాషను, ఫ్లాస్క్ అనే పరికరాన్ని పాఠాల ద్వారా నేర్చుకొన్నాడు. చేయవలసిన పనుల జాబితాను భద్రపరచే కార్యక్రమాన్ని బోధకుని వెంట మూడుసార్లు వ్రాశాడు. బోధకుని స్వరం ఆగిన వెంటనే అతని చేయి కూడా ఆగిపోయేది. శ్రవణం సమృద్ధంగా జరిగింది. మననానికి మాత్రం అవకాశమే రాలేదు. ఆ జాబితాలో తప్పు దొర్లినా నష్టపోయేవారు ఎవరూ లేరు గనుక సందేహం పుట్టవలసిన అవసరమూ కలుగలేదు.

అతడు అద్దెకున్న ఇంటి యజమానురాలు వయోవృద్ధురాలు. ఆమె భర్త మార్గశిర బహుళ నవమినాడు పరమపదించారు. ఏకైక పుత్రుడు అమెరికాలోని షికాగో నగరంలో ఉంటాడు. ప్రతి సంవత్సరం ఆమె పంచాంగం చూచి, ఆబ్దికం ఏనాడు వస్తుందో కుమారునికి ఫోనులో చెప్పేది. దృష్టి మందగించిన తరువాత ఆ సన్నని అక్షరాలు కనిపించడం మానివేశాయి. ఒకనాడు ఆమె పంచాంగాన్ని అతని చేతికిచ్చి, "నాయనా, నేను చెబితేనే వాడికి తెలుస్తుంది. నా తరువాత ఎవరు చెబుతారు?" అన్నది.

"నేనొక ఏర్పాటు చేస్తాను, బామ్మగారూ. ఏటా నెల ముందుగా ఆయనకు ఈమెయిల్ వెళ్తుంది" అన్నాడతడు. అది ఒక సాయంకాలపు పని అనే అతని భావన.

మొదట అతడు డేటాబేసులో ఒక పట్టికను నిర్మించాడు. అందులో పేరు ఒక గడి, తేదీ ఒక గడి. అక్కడే ఆగవలసి వచ్చింది. తిథిని ఏ గడిలో ఉంచాలి? అతని మనస్సులో తిథి అంటే తేదీకి మరొక పేరు. పంచాంగం తెరచి చూస్తే ఒక తిథి ఉదయం ముగుస్తున్నది, మరొకటి అర్ధరాత్రి ముగుస్తున్నది. ఒక తిథి 20 గంటలు, మరొకటి 26 గంటలు. సూర్యునికీ చంద్రునికీ మధ్య కోణీయాంతరం 12 అంశలు పెరిగితే ఒక తిథి పూర్తి అవుతుంది. చంద్రుని గమనవేగం మారుతూ ఉంటుంది గనుక తిథిప్రమాణమూ మారుతుంది. ఆంగ్లదినం గడియారంతో ముడిపడినది. తిథి ఆకాశంతో ముడిపడినది. చిరకాలంగా వింటున్న పదానికి అర్థం తనకు తెలియదన్న ఎరుక అతనికి ఆ పట్టిక వద్దనే కలిగింది.

ఉస్మానియా ప్రాంగణంలో ఈ విషయానికి రెండు ద్వారాలున్నాయి. 1954లో స్థాపితమైన సంస్కృత అకాడమీ శాస్త్రగ్రంథాలకు నిలయం. 1919లో నిజామియా వేధశాల ఈ విశ్వవిద్యాలయపు అధీనంలోకి వచ్చిన నాటినుండి ఖగోళశాస్త్రమూ ఇక్కడ వర్ధిల్లుతున్నది. అతడు ధర్మశాస్త్రం తెలిసిన ఒక పండితుని ఆశ్రయించాడు. సూర్యోదయం నుండి సూర్యాస్తమయం వరకు గల కాలాన్ని ప్రాతః, సంగవ, మధ్యాహ్న, అపరాహ్ణ, సాయాహ్నాలని ఐదు భాగాలు చేయాలనీ, ఆబ్దికానికి అపరాహ్ణవ్యాప్తి గల తిథి ప్రధానమనీ ఆయన వివరించారు. చంద్రసూర్యుల స్థానాల కోసం అతడు స్కైఫీల్డ్ అనే పైథాన్ లైబ్రరీని, అమెరికా దేశపు జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ రూపొందించిన గ్రహస్థితి పట్టికను ఉపయోగించాడు.

తరువాతి సమస్య దేశభేదానిది. నవమి హైదరాబాదులో మంగళవారం సాయంత్రం 4 గంటలకు ఆరంభమై, బుధవారం సాయంత్రం 4 గంటలకు ముగిసిందనుకొందాం. ఇక్కడి అపరాహ్ణానికి నవమి ఉన్నది బుధవారమే. శీతకాలంలో షికాగో మనకంటె 11 గంటల 30 నిమిషాలు వెనుక. అక్కడ అదే నవమి మంగళవారం తెల్లవారుజామున 4 గంటల 30 నిమిషాలకు ప్రవేశించి, బుధవారం అదే సమయానికి వెళ్లిపోతుంది. అక్కడి అపరాహ్ణానికి నవమి ఉన్నది మంగళవారం. ఆకాశంలో తిథి ఆరంభమైన క్షణం సమస్త భూమండలానికీ ఒక్కటే; సూర్యోదయం మాత్రం ప్రతి ఊరికీ వేరు. ఆ క్షణాన్ని యూటీసీ అనే సార్వత్రిక కాలమానంలో భద్రపరచి, చూపేటప్పుడు మాత్రమే ఆయా నగరాల కాలానికి మార్చాలని అతడు పాఠాలలో విని ఉన్నాడు. అప్పుడది ఒక నియమం మాత్రమే. ఇప్పుడు దాని ప్రయోజనం ప్రత్యక్షమైంది. ఒకే ఆకాశం ఘటమఠాదుల వల్ల అనేకంగా భాసించినట్లు, ఒకే క్షణం దేశోపాధివల్ల మంగళవారమనీ బుధవారమనీ వ్యవహరింపబడుతున్నది.

సత్యధర్మానికి సంబంధించిన పాఠం మరొకటి ఎదురైంది. సర్వర్ ప్రతి ప్రత్యుత్తరానికీ ఒక సంఖ్యను జోడిస్తుంది. 200 అంటే కార్యం సఫలం. 4తో మొదలయ్యే మూడంకెల సంఖ్య వస్తే లోపం అభ్యర్థనలో ఉన్నదని, 5తో మొదలయ్యేది వస్తే లోపం సర్వరులోనే ఉన్నదని అర్థం. దోషం ఎవరిదో నిజాయితీగా చెప్పే సంకేతవ్యవస్థ ఇది. అతడు పరీక్షార్థం 2060వ సంవత్సరపు తిథిని అడిగాడు. అతడు ఎంచుకొన్న పట్టిక 2053 వరకే ఉన్నది. అయినా సర్వర్ ఖాళీ జాబితాను పంపి, దానికి 200 అనే ముద్ర వేసింది. దోషం పైకి కనబడకుండా అణచివేసే నాలుగు పంక్తులు పాఠంలో నుండి యథాతథంగా వచ్చి చేరినవి. యంత్రానికది ఖాళీ జాబితా. చదివే పుత్రునికి మాత్రం ఈ ఏడు ఆబ్దికం లేదన్న వార్త. తెలియనిదానిని లేనిదిగా చెప్పడం కూడా అసత్యమే. అతడు ఆ పంక్తులను తొలగించి, అడిగిన సంవత్సరం పరిధికి వెలుపల ఉన్నదని స్పష్టంగా చెప్పే ప్రత్యుత్తరాన్ని వ్రాశాడు.

సమాచార సంగ్రహంలోనూ వివేకం అవసరమైంది. గోత్రం, చిరునామా, బంధువుల వివరాలు అన్నీ అడగాలని ఆరంభంలో అనుకొన్నాడు. తిథి, నగరం, ఈమెయిల్ చిరునామా చాలునని గ్రహించి తక్కిన గడులను తొలగించాడు. అవసరానికి మించి స్వీకరించకపోవడం అపరిగ్రహం. పరుల సమాచారం విషయంలో కూడా అది యమమే. విద్యుత్తు పోయి సర్వర్ మరల ఆరంభమైనప్పుడు అదే ఈమెయిల్ రెండవసారి వెళ్లకుండా, ఒక కుటుంబానికి ఒక సంవత్సరంలో ఒక స్మరణకు ఒక్క నమోదే ఉండాలన్న నిబంధనను డేటాబేసులోనే విధించాడు.

అన్నిటికంటె కఠినమైనది తన పరిధిని గుర్తించడం. తెలుగునాట దృక్సిద్ధ గణితాన్ని అనుసరించే పంచాంగాలూ ఉన్నాయి, పూర్వపద్ధతిని అనుసరించేవీ ఉన్నాయి. వాటి తిథ్యంతాలలో భేదం కనిపిస్తుంది. 2023లో శ్రావణం అధికమాసంగా వచ్చింది. అటువంటి సంవత్సరాలలో ఆబ్దికనిర్ణయానికి శాస్త్రాభిప్రాయం అవసరం. విదేశంలో ఉన్న కర్త తానున్న చోటి కాలాన్ని గ్రహించాలా, స్వదేశపు దినాన్నే పాటించాలా అన్న విషయంలో కుటుంబాచారాలు భిన్నంగా ఉంటాయి. వీటిని నిర్ణయించే అధికారం ప్రోగ్రాముకు లేదు. అపరాహ్ణంలో తిథి ప్రవేశనిర్గమాలు అతి సమీపంగా ఉన్నప్పుడు, అధికమాసం వచ్చినప్పుడు సర్వర్ రెండు తేదీలనూ చూపి, "మీ పురోహితులను సంప్రదించి నిశ్చయించుకోండి" అని వ్రాసేటట్లు అతడు ఏర్పరచాడు. సంధిగ్ధస్థలంలో గణితం పక్కకు తప్పుకొని ఆప్తవాక్యానికి చోటివ్వాలి.

ఒక సాయంకాలమనుకొన్న పని దాదాపు రెండు నెలలు పట్టింది. ఫలితాన్ని అతడు తండ్రిగారు గతించిన నాటినుండి బామ్మగారు ఫోనులో చెబుతూ వచ్చిన తేదీలతో సరిపోల్చాడు. అన్నీ హైదరాబాదు దినాలకు సరిపోయాయి. రెండు సంవత్సరాలలో షికాగో దినం వేరుగా వచ్చింది. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే వాడు ఆ రెండేళ్లూ తప్పు రోజున పెట్టాడా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ప్రోగ్రాములో సమాధానం లేదు. అతడు ఆమెను వారి పురోహితుని వద్దకు తీసుకొని వెళ్లాడు. తల్లి మాట ప్రకారం, స్వదేశపు దినాన్ని గ్రహించి, శ్రద్ధతో చేసిన కర్మకు లోపం లేదని, ఇకమీదట ఏ పద్ధతి గ్రహించినా దానినే నిలకడగా పాటించమని ఆయన చెప్పారు. ఆమె ముఖం తేటపడింది. విద్యార్థి ఆ రాత్రి పట్టికలో మరొక గడిని చేర్చాడు: కుటుంబం ఎంచుకొన్న ఆచారం.

ఈ రెండు నెలల్లో అతడు క్రొత్తగా విన్న పాఠాలు స్వల్పమే. డేటాబేసు, కాలమానం, దోషసంకేతం, నిబంధన అన్నీ పూర్వం విన్నవే. తనకు తెలుసునన్న అభిమానం ఆ విన్నదానికీ అతనికీ మధ్య నిలిచి ఉండేది. ఒక వృద్ధమాత పితృకార్యం తన లెక్కపై ఆధారపడిందన్న బాధ్యత ఆ అభిమానాన్ని కడిగివేసింది. అభ్యాసానికి పనిని ఎంచుకొనే సాధకులు, విద్యార్థులు ఆ పని ఎంత పెద్దదన్న విచారం మాని, దానివల్ల ఎవరి అవసరం తీరుతుందో ముందుగా విచారించడం శ్రేయస్కరం.

సర్వే జనాః సుఖినో భవంతు.